కంటికి అందని వెలుగులో మెట్ట కొండలు

మీ ఇంట్లో టీవీ రిమోటు ఉంటుంది కదా. ఈ ప్రసంగం అయ్యాక ఒక చిన్న పని చేసి చూడండి. గదిలో దీపం ఆర్పండి. ఫోనులో ముందువైపు కెమెరా తెరవండి. రిమోటు కొసను దానికెదురుగా పెట్టి ఏదో ఒక మీట నొక్కండి. మీ కళ్లతో రిమోటును నేరుగా చూస్తే అక్కడ వెలుగేమీ ఉండదు. ఫోను తెరమీద మాత్రం, చాలా ఫోన్లలో, ఊదా రంగు చుక్క ఒకటి మినుకుమినుకుమంటూ కనిపిస్తుంది. మీట నొక్కిన ప్రతిసారీ ఆ వెలుగు అక్కడ ఉంది. మన కంటికి దాన్ని పట్టుకునే శక్తి లేదు, కెమెరాకు ఉంది. దాని పేరే పరారుణ కాంతి, ఇన్‌ఫ్రారెడ్. ఆ వెలుగుతో కొండలను, ఎడారి లాంటి నేలలను ఫొటో తీయడం గురించి ఈరోజు మాట్లాడతాను. ఈ మాటలు చెబుతుంటే నాకు హిమాలయాల కంటే ముందు, బెంగళూరుకు దక్షిణాన ఉన్న మా ఆనేకల్ చుట్టూ ఉన్న బండలూ తుప్పలూ గుర్తుకొస్తాయి. అక్కడి నుంచి అనంతపురం దాకా పరుచుకున్న మెట్ట నేల గుర్తుకొస్తుంది. ఆ నేలను మనం సరిగా చూడలేదన్నది నా గట్టి నమ్మకం. ఈ కెమెరా చూపిస్తుందన్నది నా ఆశ.

మన కన్ను చూడగలిగేది సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతినే. ఊదా నుంచి ఎరుపు దాకా. ఎరుపు దాటాక చీకటి కాదు, మనకు కనబడని వెలుగు. 1800లో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త సూర్యకాంతిని పట్టకం గుండా పంపి, ఒక్కొక్క రంగు దగ్గర ఉష్ణమాపకం పెట్టి కొలుస్తూ, ఎరుపుకు అవతల ఏ రంగూ లేనిచోట కూడా పెట్టి చూశాడు. అక్కడ పాదరసం ఇంకా పైకి వెళ్లింది. యురేనస్ గ్రహాన్ని కనిపెట్టినవాడూ ఆయనే. సూర్యుడి నుంచి భూమికి చేరే శక్తిలో ఇంచుమించు సగం ఈ కనబడని వెలుగే.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. ఇన్‌ఫ్రారెడ్ ఫొటో అనగానే వేడిని చూపించే కెమెరా అనుకుంటారు. కరోనా రోజుల్లో విమానాశ్రయాల్లో మనుషుల ఒంటి వేడిని రంగురంగులుగా చూపించిన కెమెరాలు వేరు. అవి 8,000 నుంచి 14,000 నానోమీటర్ల దగ్గర పనిచేస్తాయి, వస్తువు తనంతట తాను వెదజల్లే వేడిని చూస్తాయి. ప్రకృతి దృశ్యాలు తీసే ఛాయాగ్రాహకులు వాడేది ఎరుపుకు ఆనుకొని ఉన్న 700 నుంచి 1,000 నానోమీటర్ల దాకా వెలుగు. అది ఎండలోంచి వచ్చి, చెట్టుమీదా రాయిమీదా నీటిమీదా పడి, తిరిగి కెమెరాలోకి వచ్చే మామూలు వెలుగే. తేడా అంతా ఒక్కటే: మన కళ్లకు పచ్చగా కనిపించే ఆకు, ఈ వెలుగులో తెల్లగా కనిపిస్తుంది.

మా ఊరి పక్క ఒక రైతు పొలంలో పెద్ద చింతచెట్టు ఉంది. దాన్ని ఈ పద్ధతిలో తీసి, ఆయనకు కెమెరా తెరమీద చూపించాను. ఆయన ఒక్క క్షణం తెరనూ, ఒక్క క్షణం చెట్టునూ చూసి, "ఏమప్పా, మా చింతమానుకు సున్నం కొట్టినావా?" అన్నాడు. మనసులో పడింది పడినట్టే అన్నాడు. నిజంగానే చెట్టు నిలువెల్లా సున్నం కొట్టినట్టే ఉంటుంది. వెనక ఆకాశం నల్లగా, కాండం బూడిదరంగులో, కొమ్మకొమ్మా ఆకుఆకూ తెల్లగా.

ఎందుకిలా? ఆకులోని పత్రహరితం ఎర్రని, నీలి కాంతిని మింగేస్తుంది. ఆహారం తయారుచేసుకోవడానికి అవి కావాలి. పచ్చ కాంతిని కొంత వదిలేస్తుంది, అందుకే ఆకు మనకు పచ్చగా ఉంటుంది. పరారుణ కాంతి దాని వంటకు పనికిరాదు. పత్రహరితం దాన్ని పట్టించుకోకుండా లోపలికి వెళ్లనిస్తుంది. లోపల కణాలూ వాటి మధ్య గాలి నిండిన ఖాళీలూ ఉంటాయి. కణం గోడ నుంచి గాలిలోకి, గాలి నుంచి మళ్లీ కణం గోడకు వెళ్తూ ఆ వెలుగు దారి మళ్లి మళ్లి, దాదాపు సగం వెనక్కి తిరిగి వచ్చేస్తుంది. పచ్చ కాంతిలో ఆకు వెనక్కి పంపేది సుమారు పదో వంతు మాత్రమే. ఆకు ఎండిపోయినా, తెగులు పట్టినా, లోపలి కణాలు కుంగిపోయి ఆ తెలుపు చాలాసార్లు తగ్గుతుంది. అంటే ఈ ఫొటోలో కనిపించే తెలుపు వట్టి అలంకారం కాదు. అక్కడ బతికి ఉన్న ఆకు ఉందని చెప్పే సాక్ష్యం.

1910లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రాబర్ట్ విలియమ్స్ వుడ్ ఇలాంటి ప్రకృతి చిత్రాలను మొదటిసారి ప్రచురించాడు. నల్లని ఆకాశం కింద తెల్లని చెట్లు చూసి అప్పటివాళ్లు ఆశ్చర్యపోయారు. ఆకులు ఇలా వెలగడాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే వుడ్ ఎఫెక్ట్ అంటారు.

ఇక మా ఆనేకల్ సంగతికి వస్తాను. బెంగళూరు నగర జిల్లాకు దక్షిణపు కొస మాది. ఒక పక్క బొమ్మసంద్ర, జిగణి ఫ్యాక్టరీలు, ఎలక్ట్రానిక్ సిటీ. ఇంకో పక్క బన్నేరుఘట్ట అడవి, దాన్ని ఆనుకొనే తమిళనాడు తళి, డెంకణికోట అడవులు. రాగి పంట కోతకొచ్చే వేళకు ఏనుగులు పొలాల్లోకి దిగే చోటు ఇది. ఇటు ఆనేకల్‌లో గానీ, అటు హోసూరులో గానీ సంతకు వెళ్తే కన్నడం, తమిళం, తెలుగు ఒకే గంపలో కూరగాయల మధ్య వినిపిస్తాయి. ఊరికి ఐదు కిలోమీటర్ల దూరంలో ముత్యాలమడువు లోయ. ఆదివారం వచ్చేవాళ్లు జలపాతం చూసి, నీళ్లు లేవే అని పెదవి విరిచి వెళ్లిపోతారు. వాన పడ్డ కొన్ని వారాలు తప్ప అక్కడ పెద్ద ధార ఉండదన్న మాట నిజమే.

కానీ ఆ లోయను పరారుణంలో చూడండి. మా బండలు చాలా పాతవి. పక్కనే రామనగరం మీదుగా పోయే క్లోజ్‌పేట గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. కంటికి చూస్తే అది ఒకే బూడిదరంగు బండ. వాన పడి పదిరోజులు అయ్యాక పరారుణ కెమెరాతో చూస్తే బండంతా ముదురు బూడిదరంగులో ఉండి, దాని మీద తెల్లని గీతలు కొన్ని కనిపిస్తాయి. నిలువుగా కొన్ని, అడ్డంగా కొన్ని, కొన్ని చోట్ల రెండు గీతలు కలిసి కిందికి దిగుతూ. అవి బండలోని పగుళ్లు. పగులులో చారెడు మట్టి నిలిచింది. ఆ మట్టిలో చుక్క నీరు నిలిచింది. ఆ నీటికి గడ్డి మొలిచింది. కంటికి ఆ గడ్డి మట్టిరంగులో కలిసిపోయి దూరం నుంచి కనబడదు. పరారుణంలో ఆ గడ్డి మాత్రమే కనిపిస్తుంది. వాన నీరు ఆ కొండమీద ఎక్కడ ఆగింది, ఎటు నడిచింది, ఎక్కడ ఇంకింది అన్నది కొండే గీసి చూపిస్తుంది. ఇలాంటి చిత్రాన్ని మొదటిసారి చూసినప్పుడు, ఇన్నేళ్లుగా రోజూ చూసే కొండలో ఇంత ప్రాణం ఉందని తెలిసి నాకు నోట మాట రాలేదు.

మా తాలూకా చెరువుల మీద కూడా ఈ చూపు పనికొస్తుంది. నీరు పరారుణ కాంతిని మింగేస్తుంది, అందుకే చెరువు ఫొటోలో నల్లగా వస్తుంది. గుర్రపుడెక్క తెల్లగా వస్తుంది. గట్టుమీద నిలబడి ఒక్క ఫొటో తీస్తే చెరువులో ఎంత భాగం నీరు, ఎంత భాగం గుర్రపుడెక్క అన్నది వాదన అక్కరలేకుండా తేలిపోతుంది. పచ్చగా ఉంది కదా అని మురిసిపోయే చెరువును ఈ చిత్రంలో చూస్తే ఆందోళన కలుగుతుంది. ఒక హద్దు కూడా చెప్పాలి. ఈ వెలుగులో ఏ ఆకైనా తెలుపే. బన్నేరుఘట్ట అడవిలో అడవి చెట్లను అణిచేస్తున్న లాంటానా పొదలూ తెల్లగానే వెలుగుతాయి, పుట్టిన నేలలో పెరిగే చిరుమానూ తెల్లగానే వెలుగుతుంది. ఏది మనది, ఏది బయటి నుంచి వచ్చి చేరింది అన్నది ఫొటో చెప్పదు. దానికి కాలినడకన వెళ్లి ఆకు పట్టుకుని చూసేవాళ్లు కావాలి.

కొండల గురించి మాట్లాడేటప్పుడు ఆకాశం గురించి కూడా చెప్పాలి. దూరపు కొండలు మనకు నీలంగా, మసకగా కనిపించడానికి కారణం గాలిలోని అణువులు నీలి కాంతిని చెదరగొట్టడం. తరంగదైర్ఘ్యం రెట్టింపయితే ఆ చెదరడం పదహారో వంతుకు పడిపోతుంది. అందుకే 800 నానోమీటర్ల వెలుగులో ఆకాశం నల్లబడుతుంది, దూరపు కొండ అంచు పదునుగా వస్తుంది. 1930లలో అమెరికా సైన్యంలో పనిచేసిన ఆల్బర్ట్ స్టీవెన్స్ విమానం నుంచి పరారుణ ఫిల్ముతో వందల మైళ్ల దూరంలోని పర్వతాలను ఫొటో తీయగలిగింది ఈ గుణం వల్లే. అయితే ఇది గాలి అణువుల మసకకే వర్తిస్తుంది. మన ఎండాకాలపు దుమ్ము రేణువులు పెద్దవి. వాటి ముందు పరారుణానికి కూడా అంత బలం లేదు. మేలో తీసిన చిత్రం కంటే వానలు వెలిసిన సెప్టెంబరు, అక్టోబరు చిత్రం ఎంతో బాగా వచ్చేది అందుకే.

ఈ విద్య పట్టుబడినవాళ్లు చాలామంది వెంటనే లడఖ్ వెళ్తారు. వెళ్లవలసిన చోటే. ఎత్తు ఎక్కువ, గాలి పలచన, తేమ తక్కువ. మధ్యాహ్నం కూడా ఆకాశం కాటుకలా వస్తుంది. సింధు నది ఒడ్డున విల్లో, పోప్లార్ చెట్ల వరస ఒక్కటే తెల్లగా మెరుస్తూ, మిగతా కొండంతా రాయిగా నిలుస్తుంది. ఆ పొడిగాలి కోసమే మన ఖగోళ శాస్త్రవేత్తలు లడఖ్‌లోని హన్లేలో, సుమారు 4,500 మీటర్ల ఎత్తున, రెండు మీటర్ల వ్యాసం ఉన్న హిమాలయన్ చంద్ర టెలిస్కోపును 2001లో ఏర్పాటుచేశారు. తేమ పరారుణ కాంతిని మింగేస్తుంది కనుక, ఆ వెలుగులో నక్షత్రాలను చూడాలంటే అలాంటి పొడి ఎత్తు కావాలి. ఆ టెలిస్కోపును నడిపేది ఎక్కడి నుంచో తెలుసా? మా ఆనేకల్‌కు ఉత్తరాన ఉన్న హోసకోట నుంచి. ఉపగ్రహ సంబంధం ద్వారా.

లడఖ్‌కు వెళ్లే స్తోమత లేనివాళ్ల గురించే నా ఆలోచన. మా అత్తిబెలె మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారే బెంగళూరు దాటి, పెనుకొండ మీదుగా అనంతపురం వెళ్తుంది. అర్ధరోజు ప్రయాణం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఆ నేలకు, పరారుణ ఛాయాచిత్రణకూ ఉన్న బంధం చాలా పాతది. తెలుగువాళ్లలో ఎక్కువమందికి ఈ సంగతి తెలియదు, అందుకే కొంచెం తీరిగ్గా చెబుతాను.

రెండో ప్రపంచ యుద్ధంలో కొడాక్ సంస్థ ఒక రంగుల పరారుణ ఫిల్ము తయారుచేసింది. కొమ్మలు కప్పి, పచ్చరంగు పూసి దాచిన ఫిరంగులను ఆకాశం నుంచి పట్టుకోవడానికి. బతికి ఉన్న ఆకు ఆ ఫిల్ముమీద ఎర్రగా వస్తుంది. పచ్చరంగు పూసిన గుడ్డ అలా రాదు. యుద్ధం ముగిశాక అదే ఫిల్ము పంటల వైపు తిరిగింది. మనదేశంలో 1970 ప్రాంతంలో, పిషారోత్ రామ పిషారోటి అనే వాతావరణ శాస్త్రవేత్త ఆధ్వర్యంలో, కేరళ కొబ్బరితోటలను హెలికాప్టరు నుంచి ఈ ఫిల్ముతో ఫొటోలు తీశారు. వేరు తెగులు సోకిన చెట్లను అందులో గుర్తుపట్టారు. ఆయనను భారత దూరసంవేదన శాస్త్రానికి పితామహుడు అంటారు.

ఆ తర్వాతి పెద్ద అడుగు అనంతపురంలోనే పడింది. 1974-75లో ఇస్రో, భారత వ్యవసాయ పరిశోధన మండలి కలిసి ఆరైజ్ అనే ప్రయోగం చేశాయి. వ్యవసాయ వనరుల లెక్క తీయడానికి చేసిన ప్రయోగం అది. దానికి దేశంలో రెండు జిల్లాలను ఎంచుకున్నారు. ఒకటి పంజాబులోని పటియాలా, రెండోది ఆంధ్రప్రదేశ్‌లోని అనంతపురం. విమానం నుంచి రంగుల పరారుణ ఫిల్ముతో పొలాలను తీశారు. ఆ చిత్రాల్లో కనిపించింది నిజమా కాదా అని నేలమీద తిరిగి సరిచూశారు. ఇంతకన్నా భిన్నమైన రెండు జిల్లాలు దొరకవు. ఒకటి కాలువ నీళ్లతో గోధుమ పండే నేల. ఇంకొకటి మబ్బు వైపు చూసి వేరుశనగ గింజ వేసే నేల. దేశానికి ఆకాశం నుంచి చూసే చూపు నేర్పిన బడుల్లో అనంతపురం ఒకటి. ఆ జిల్లాలో పుట్టిన పిల్లలకు కరువు గురించి చెప్పేటప్పుడు ఈ మాట కూడా చెప్పాలని నాకు ఎంతో కోరిక.

ఆ చూపు తర్వాత విమానం నుంచి ఉపగ్రహానికి ఎక్కింది. 1979 జూన్ 7న కక్ష్యలోకి వెళ్లిన భాస్కర ఉపగ్రహంలో రెండు టీవీ కెమెరాలు ఉన్నాయి. ఒకటి కంటికి కనిపించే వెలుగులో, రెండోది 800 నానోమీటర్ల దగ్గర పరారుణంలో చూసేది. 1988 మార్చి 17న ఐఆర్‌ఎస్-1ఎ అనే ఉపగ్రహం వెళ్లింది. బెంగళూరులో తయారై, సోవియట్ యూనియన్‌లోని బైకనూర్ నుంచి ఎగిరింది. అది పంపిన సమాచారాన్ని అందుకున్నది హైదరాబాదు దగ్గరి షాద్‌నగర్ కేంద్రం. దాని కెమెరాల్లో నాలుగో పట్టీ 770 నుంచి 860 నానోమీటర్లు. ఒక ఛాయాగ్రాహకుడు ఆనేకల్ బండమీద నిలబడి తన లెన్సుకు బిగించే పరారుణ ఫిల్టరు కూడా దాదాపు ఈ వెలుగునే లోపలికి వదులుతుంది. ఆ ఉపగ్రహ కెమెరాల్లో ఒకటి సుమారు 72 మీటర్ల పొడవూ వెడల్పూ ఉన్న నేలను ఒక చుక్కగా చూసింది. మనం ఒక్కొక్క గడ్డిపరకను చూస్తాం. వెలుగు మాత్రం ఒకటే.

ఇక్కడే నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. ఇలాంటి ఉపగ్రహ చిత్రాలను వాడి కేంద్ర ప్రభుత్వం బంజరు భూముల అట్లాసు తయారుచేస్తుంది. అందులో రాతి నేలలూ, ఇసుక నేలలూ ఉంటాయి. వాటితో పాటు తుప్పలు పెరిగే నేల కూడా ఉంటుంది. పలచటి తుప్పలు ఒక వర్గం, దట్టమైన తుప్పలు ఇంకో వర్గం. రెండూ బంజరు పద్దు కిందికే వస్తాయి. పరారుణ కెమెరా ఆ తుప్పల్లో ఆకును చూసింది, ప్రాణాన్ని చూసింది, చూసినట్టే చెప్పింది. పద్దుకు పేరు పెట్టింది మనుషులు. పనికిరాని నేల అని పేరు పడ్డాక దానిమీద క్వారీ వచ్చినా, లేఅవుటు వచ్చినా అడిగేవాళ్లు తగ్గిపోతారు. కడప జిల్లా సిద్ధవటం దగ్గర 1986లో కలివికోడి మళ్లీ కనిపించింది ఇలాంటి తుప్పల అడవిలోనే. అప్పటికి దాదాపు ఎనభై ఆరేళ్లుగా కనబడక, అంతరించిందనుకున్న పక్షి అది. దానికి దట్టమైన అడవి పనికిరాదు, మైదానమూ పనికిరాదు. తుప్పకూ తుప్పకూ మధ్య ఖాళీ ఉన్న నేలే కావాలి. అట్లాసులో పలచటి తుప్పలు అని రాసే నేల లాంటిది. నంది కొండల మీదా హార్స్‌లీ కొండల మీదా ఉండే పసుపు గొంతు పికిలిపిట్టకూ బండలూ తుప్పలే ఇల్లు. ఇలాంటి నేలను ఖాళీ నేల అని ఎవరన్నా నేను ఒప్పుకోను.

అనంతపురం జిల్లాలో నిజంగా ఎడారిని తలపించే చోటు చూడాలంటే కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వెళ్లాలి. వేదవతి నదిని అక్కడ హగరి అంటారు. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండిపోయి ఉండే ఆ ఏటి ఇసుకను నైరుతి గాలులు ఎత్తి పొలాల మీద పోస్తాయి. ఇసుక దిబ్బలు కదులుతూ పొలాల్లోకి వస్తాయి. ఫొటో తీసేవాళ్లకు ఒక మాట. ఎడారిలో పరారుణం సులువు కాదు. ఎండిన ఇసుక కూడా ఈ వెలుగును బాగానే వెనక్కి పంపుతుంది. ఆకూ తెలుపే, ఇసుకా ఇంచుమించు తెలుపే అయినప్పుడు రెండూ కలిసిపోయి చిత్రం చప్పగా వస్తుంది. అందుకే అక్కడ ఉదయం ఏటవాలు ఎండలో, దిబ్బమీది గాలి గీతల నీడలు పొడుగ్గా పడే వేళ తీయాలి. లేదా ఎర్రమట్టి చేను అంచును, ఇసుక అంచును ఒకే చట్రంలోకి తేవాలి. ఇసుకను ఆపడానికి నాటిన చెట్ల వరస ఎక్కడ నిలబడింది, ఎక్కడ తెగింది అన్నది ఎత్తైన చోటు నుంచి తీస్తే బాగా తెలుస్తుంది. రాజస్థాన్ దిబ్బల అందం ఇక్కడ లేదు. ఇక్కడ దిబ్బ పక్కన ఒక కుటుంబం వేసిన పంట ఉంటుంది. ఆ రెండింటినీ కలిపి చూపని ఫొటో నా దృష్టిలో సగం ఫొటోనే.

అదే జిల్లాలో ఇదివరకు ఉండి, 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లిన కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఉంది. ప్రపంచంలోకెల్లా విస్తారమైన మర్రిగా 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. దాన్ని లోకం దృష్టికి తెచ్చింది మా బెంగళూరుకు చెందిన పత్రికా రచయిత, ఛాయాగ్రాహకుడు రిగ్రెట్ అయ్యర్. నాలుగైదు ఎకరాలు పరుచుకున్న ఆ చెట్టును మామూలు రంగుల్లో తీస్తే ఒక తోపులా కనిపిస్తుంది, ఒకే చెట్టని నమ్మబుద్ధి కాదు. చుట్టూ ఉన్న మెట్ట కొండలతో కలిపి పరారుణంలో తీయండి. బూడిదరంగు కొండల మధ్య ఒకే తెల్లని గొడుగు. ఏ ఎడారిలో నిలబడ్డా మనిషి ముందుగా వెతికే నీడ అంటే ఏమిటో ఆ ఒక్క చిత్రం చెబుతుంది.

ఇప్పుడు చేతి పని గురించి. పాత రోజుల్లో కొడాక్ హైస్పీడ్ ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ము ఉండేది. కటిక చీకట్లోనే కెమెరాలో ఎక్కించాలి. 2007లో దాని తయారీ ఆగిపోయింది. ఇప్పుడు ఎక్కువమందికి డిజిటల్ కెమెరాలే దిక్కు, అవి నిజానికి ఎంతో మేలు. వాటి లోపలి సిలికాన్ సెన్సరు సుమారు 1,100 నానోమీటర్ల దాకా చూడగలదు. రంగులు పాడవకూడదని దాని ముందు పరారుణాన్ని ఆపే గాజుపలక ఒకటి పెడతారు. కాబట్టి మనకు రెండు దారులు. మొదటిది, ఉన్న కెమెరాకే 720 నానోమీటర్ల ఫిల్టరు బిగించడం. కంటికి అది నల్లగాజు. లోపలి పలక అడ్డం ఉంటుంది కనుక ఎండలో కూడా చాలా సెకన్లు తెరిచి ఉంచాలి. ట్రైపాడ్ తప్పనిసరి. గాలికి ఆకులు ఊగితే అలుక్కుపోతాయి. ఖర్చు మాత్రం తక్కువ, నేర్చుకోవడానికి ఇదే మంచిది. రెండోది, వాడకుండా పక్కన పెట్టిన పాత కెమెరాను పని తెలిసినవాళ్లకిచ్చి, ఆ లోపలి పలక తీయించి, దాని చోట పరారుణ ఫిల్టరు పెట్టించడం. ఇక ఆ కెమెరా మామూలు ఫొటోలకు పనికిరాదు. కానీ చేత్తో పట్టుకుని, మామూలు వేగంతో తీయవచ్చు.

పరారుణం ఎరుపు కంటే కాస్త వేరే దూరంలో కేంద్రీకరిస్తుంది. పాత లెన్సుల మీద దానికోసం ఒక ఎర్ర గుర్తు ఉండేది. ఇప్పుడు తెరమీద చూస్తూ ఫోకస్ చేసుకుంటే చాలు. కొన్ని లెన్సులు ఫొటో మధ్యలో తెల్లని మచ్చ వేస్తాయి. కొనేముందు మీ లెన్సుతో ఒకసారి తీసి చూడాలి. వైట్ బ్యాలెన్స్‌ను పచ్చగడ్డి మీద సరిచేయండి. అన్నిటికంటే నాకు నచ్చే సంగతి, ఇది మధ్యాహ్నపు ఎండలో పండే కళ. ఇసుక దిబ్బల దగ్గర తప్ప, మిగతా ఛాయాగ్రాహకులు కెమెరా సంచిలో పెట్టేసే పదకొండు నుంచి మూడు గంటల వేళే దీనికి మంచి వేళ. రాయలసీమకు, ఆనేకల్‌కు దేవుడు ఇచ్చిన వెలుగే అది.

ఎరుపునూ నీలాన్నీ తారుమారు చేసి, ఆకాశాన్ని నీలంగా, ఆకులను బంగారు రంగులో చూపించే పద్ధతి ఒకటి ఇప్పుడు బాగా వాడుకలో ఉంది. ఐర్లండుకు చెందిన రిచర్డ్ మోస్ పాత రంగుల పరారుణ ఫిల్ముతో కాంగో యుద్ధాన్ని గులాబీరంగు అడవుల మధ్య చూపించి, 2013 వెనిస్ ప్రదర్శనలో చూపరులను కదిలించాడు. అక్కడ ఆ రంగుకు బలమైన కారణం ఉంది. ప్రపంచం చూడకుండా వదిలేసిన యుద్ధాన్ని చూడక తప్పని రంగులోకి తెచ్చాడు. మన మెట్ట కొండలకు మాత్రం నలుపు తెలుపే సరైనదని నా అభిప్రాయం. ఇక్కడ పోల్చవలసింది ఎంత వెలుగు తిరిగి వచ్చింది అన్నదాన్ని. రంగు అద్దితే ఆ పోలిక కళ్లకు అందదు.

ఒక జాగ్రత్త. ముత్యాలమడువు దారిలో, రోడ్డు పక్క బండల మీద తీసుకోండి. బన్నేరుఘట్ట అడవి లోపలికి అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకండి. సాయంత్రం పడకముందే వెనక్కి రండి. ఏనుగులు తిరిగే దారి అది.

మా వైపు కాలేజీ పిల్లలను, ఉపాధ్యాయులను నేను అడిగేది ఒకటే. మీ ఊరి కొండ ఒకటి ఎంచుకోండి. ఒకే రాయిమీద నిలబడి, అదే లెన్సుతో, అదే ఫిల్టరుతో, అదే గంటకు, కెమెరా అమరికలు మార్చకుండా నెలకొక ఫొటో తీయండి. వెలుగును పోల్చడానికి చట్రంలో ఒక మూల తెల్లని వస్తువు ఉండాలి. బజారులో దొరికే బూడిదరంగు కార్డులు పరారుణంలో నమ్మదగినవి కావు. ప్లంబర్లు నీళ్ల గొట్టాలకు చుట్టే తెల్లటి టెఫ్లాన్ టేపును ఒక చెక్కముక్క చుట్టూ మందంగా, పొరలు పొరలుగా చుట్టండి. అది ఈ వెలుగును ఎప్పుడూ ఒకేలా వెనక్కి పంపుతుంది. మార్చిలో ఆకు రాలినప్పుడు ఒకటి, మే వానలకు చిగురు వేసినప్పుడు ఒకటి, అక్టోబరులో ఒకటి. మూడేళ్లు తీస్తే, ఆ కొండ బంజరో కాదో చెప్పడానికి మీ దగ్గర మీరే తీసిన రుజువు ఉంటుంది. పంచాయతీలో క్వారీ అనుమతి మాట వచ్చిన రోజున వాటిని వరసగా బల్లమీద పరచండి.